పళ్లూ చిగుళ్లూ: శ్రీకాకుళంలో మా క్లినిక్‌కి వచ్చేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

టౌన్‌లో ఉన్నవాళ్లతో పాటు ఆమదాలవలస, నరసన్నపేట, టెక్కలి, పలాస వైపు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు కూడా మా దగ్గర చాలామందే ఉంటారు. ఊరు ఏదైనా, వయసు ఎంతైనా అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. రద్దీగా ఉన్న రోజున ఒక్కొక్కరికీ ఇంత వివరంగా చెప్పే తీరిక దొరకదు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాం. ఇంట్లో పెద్దవాళ్లకి కూడా చదివి వినిపించండి.

నొప్పి ఏమీ లేదు. అయినా పళ్లు చూపించుకోవాలా?

చూపించుకోవాలి. పన్ను పైన ఉండే గట్టి పొర, అంటే ఎనామిల్‌లో నరం ఉండదు. అందుకే పిప్పి మొదలైనప్పుడు ఏమీ తెలియదు. అది లోపలి పొరకి చేరాక చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమంటుంది, తీపి తింటే లాగుతుంది, ఇంకా లోపలికి పోయి నరాన్ని తాకాక ఇక రాత్రి పడుకోనివ్వదు. మొదటి దశలో వస్తే చిన్న సిమెంటు పెట్టి ఒక్కసారిలో పంపించేస్తాం. చివరి దశలో వస్తే రూట్ కెనాల్, క్యాపు, లేదంటే పీకడం.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. వారం పది రోజులు విపరీతంగా నొప్పెట్టి, ఉన్నట్టుండి ఆగిపోతే "తగ్గిపోయింది" అనుకుని వదిలేస్తారు. చాలాసార్లు అక్కడ జరిగింది తగ్గడం కాదు, లోపల నరం చచ్చిపోవడం. నొప్పి చెప్పే నరం పోయింది గానీ చీము కింద ఎముకలోకి దిగుతూనే ఉంటుంది. కొన్నాళ్లకి చిగురు మీద చిన్న కురుపులా లేచి, చిట్లి, మళ్లీ లేస్తుంటే అదే దాని గుర్తు. ఆరు నెలలకి ఒకసారి చూపించుకుంటే ఇంతదాకా రాదు. అంత కుదరకపోతే ఏడాదికి ఒకసారైనా రండి.

మెడికల్ షాపులో పంటినొప్పికి బిళ్ల అడిగి వేసుకుంటున్నాం. ఏమైనా ఇబ్బందా?

మన జిల్లాలో ఈ ప్రశ్నకి జవాబు మిగతా చోట్ల కంటే గట్టిగా చెప్పాలి. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలని కుదిపేసిందో మీకు మేం చెప్పక్కర్లేదు. ఆ జబ్బుకి అసలు కారణం ఏమిటన్నది ఇంకా పరిశోధకులు తేల్చాల్సి ఉంది. కానీ డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయని, ఇప్పటికే బలహీనపడ్డ కిడ్నీని మరింత దెబ్బతీస్తాయని మాత్రం వైద్యంలో ఎప్పుడో తేలిన విషయం. ఎండలో పొలం పనో తోట పనో చేసి, సరిగా నీళ్లు తాగకుండా, పైన ఈ మాత్ర రోజుకి రెండు మూడు చొప్పున వారాల తరబడి మింగడం చాలా ప్రమాదం.

అందులో బాధ కలిగించే విషయం ఏమిటంటే ఆ మాత్ర పిప్పి పన్నుని ఏమీ చేయదు. నాలుగు గంటలు నొప్పి తెలియకుండా చేస్తుంది, అంతే. ఒక్క పన్ను బాగు చేయించుకోకుండా నెలల తరబడి మాత్రలతో గడిపేవాళ్లని చూస్తే మాకు చాలా టెన్షన్ వేస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, క్రియాటినిన్ ఎక్కువ ఉందని డాక్టర్ చెప్పినవాళ్లు ఈ మాత్రలు సొంతంగా అసలు వేసుకోకండి. నొప్పి ఆగనప్పుడు సాధారణంగా పారాసిటమాల్ వాడొచ్చు, అది కూడా చెప్పిన మోతాదులోనే, వైద్యం చేయించుకునే దాకా మాత్రమే. షాపులో ఇచ్చే మాత్రల్లో చాలావాటిలో రెండు మందులు కలిపి ఉంటాయి, అందుకని అట్ట మీద పేరు చదవండి లేదా మాకు చూపించండి.

అలాగే పోయినసారి మిగిలిపోయిన యాంటీబయాటిక్‌లు తీసి వేసుకోవద్దు. లోపల కుళ్లిన నరం అలాగే ఉంటే మందు అక్కడి దాకా చేరదు. కొందరు మాత్రని నలిపి పన్ను పక్కన చిగురు మీద పెడతారు. దానివల్ల చిగురు కాలి తెల్లగా ఊడివస్తుంది, నొప్పి రెండింతలవుతుంది.

డయాలసిస్ చేయించుకుంటున్నాం. పన్ను తీయించుకోవచ్చా?

తీయించుకోవచ్చు, కానీ ముందుగా చెప్పి రావాలి. డయాలసిస్ సమయంలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి అదే రోజు పన్ను తీయం, సాధారణంగా మర్నాడు పెట్టుకుంటాం. మందుల మోతాదు కూడా మీ కిడ్నీ డాక్టర్‌తో మాట్లాడాకే రాస్తాం. ఫైలు తప్పకుండా తీసుకురండి.

వేపపుల్ల మంచిదా, బ్రష్ మంచిదా?

వేపపుల్లతో తోముకునే పెద్దవాళ్లని మేం ఎప్పుడూ తప్పుపట్టం. మెత్తగా నమిలి, కుంచెలా చేసుకుని నెమ్మదిగా తోమితే పాచి పోతుంది. చిక్కు ఎక్కడంటే పుల్ల దవడ పళ్ల వెనక్కి, పళ్ల మధ్యకి చేరదు, పైగా గట్టిగా అడ్డంగా రుద్దితే చిగురు దగ్గర పన్ను అరిగి గాడి పడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా అందులో ఫ్లోరైడ్ ఉండదు. పొద్దున్న పుల్లే కావాలంటే వాడుకోండి, రాత్రి మాత్రం మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడండి.

కచ్చిక, బొగ్గు పొడి, ఇటుక పొడి, గరుకు ఉప్పు మాత్రం మానేయండి. పళ్లు తెల్లగా కనిపిస్తాయి గానీ, ఆ తెలుపు పైపొర గీసుకుపోవడం వల్ల వచ్చేది. ఒకసారి అరిగిన ఎనామిల్ మళ్లీ పెరగదు. ఇప్పుడు ట్యూబుల్లో వస్తున్న నల్ల చార్‌కోల్ పేస్టుల గురించి కూడా మా మాట ఇదే.

ఏ పేస్టు కొనాలి? ఎలా తోముకోవాలి?

కంపెనీ పేరు చూడొద్దు, ఫ్లోరైడ్ ఉందో లేదో చూడండి. పెద్దవాళ్లకి 1000 పీపీఎం దగ్గర్లో ఉంటే చాలు, అట్ట మీద రాసి ఉంటుంది. మూలికల పేస్టుల్లో కొన్నిటిలో ఫ్లోరైడ్ ఉండదు కాబట్టి అవి కొనేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా చదవాలి.

బ్రష్‌ని చిగురూ పన్నూ కలిసే చోట కొంచెం వాలుగా పెట్టి చిన్నచిన్నగా తిప్పుతూ, లోపలి వైపు కూడా వదలకుండా, రెండు నిమిషాలు తోమాలి. బలం అక్కర్లేదు. అయ్యాక నురుగు ఉమ్మేయండి, గ్లాసుల కొద్దీ నీళ్లతో పుక్కిలించకండి, పేస్టులోని ఫ్లోరైడ్ కాసేపు పళ్ల మీద ఉంటేనే దాని పని అది చేస్తుంది. రోజుకి ఒక్కసారే కుదురుతుందంటే ఆ ఒక్కసారి రాత్రే తోమండి అని చెప్తాం, ఎందుకంటే నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, నోట్లో మిగిలిన మెతుకుల మీద క్రిములకి అడ్డు ఉండదు. మూడు నెలలకి, లేదా బ్రష్ పీచు విచ్చుకుపోతే అంతకుముందే, మార్చేయండి.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయంట కదా?

కాదు. పాచి గట్టిపడితే గార అవుతుంది, అది బ్రష్‌కి రాదు. ఆ గార చిగురు కిందకి పెరుగుతూ పన్నుని పట్టుకుని ఉన్న ఎముకని నెమ్మదిగా తినేస్తుంది. అప్పటికే వదులైన పళ్లని కూడా ఆ గారే గోడలా పట్టుకుని ఉంచుతుంది. దాన్ని తీశాక కదలిక బయటపడుతుంది, సందులు కనిపిస్తాయి, నాలుగైదు రోజులు చల్లటివి జివ్వుమంటాయి. అది చూసి క్లీనింగే చెడగొట్టిందనుకుంటారు. మేం వాడే మెషిన్ కంపనంతో, నీటితో గారని ఊడగొడుతుంది, పన్నుని గీకదు. తోముకునేటప్పుడు రక్తం వస్తోందంటే బ్రష్ మానేయకండి, అది చిగుళ్ల వాపు గుర్తు, అక్కడే ఇంకా శ్రద్ధగా, మెత్తగా తోమాలి.

నాకు సుగర్ ఉంది. పళ్లకీ దానికీ సంబంధం ఉందా?

చాలా ఉంది, రెండు వైపుల నుంచీ ఉంది. సుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది, చిగుళ్లలో చీము ఉంటే సుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. ముప్పై అయిదేళ్లకే పళ్లు కదులుతున్నాయని వచ్చినవాళ్లకి మేం సుగర్ పరీక్ష రాస్తే, తమకి ఉందని అప్పుడే తెలిసినవాళ్లు ఉన్నారు. పన్ను తీయించుకోవడానికి వచ్చే రోజు ఖాళీ కడుపుతో రాకండి. టిఫిన్ చేసి, మామూలుగా వేసుకునే మాత్ర వేసుకుని, పొద్దున్నే రండి.

గుండెకి స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు కూడా వాటిని సొంతంగా ఆపేసి రాకూడదు. ఆపాలా వద్దా అనేది మీ గుండె డాక్టర్ చెప్పాలి, చాలాసార్లు ఆపకుండానే పన్ను తీయొచ్చు.

పై పన్ను తీస్తే చూపు పోతుందని మా మామ్మ భయపడుతోంది.

ఈ భయం ఇంటింటా ఉంది. పన్నుకి వెళ్లే నరం వేరు, చూపుకి వెళ్లే నరం వేరు. పన్ను తీయడం వల్ల చూపు పోదు. పై పంటికి చీము పట్టి వదిలేస్తే వాపు కంటి కింద దాకా ఎక్కుతుంది, కన్ను మూసుకుపోయినట్టవుతుంది. అలాంటి వాపు చూసినవాళ్లకి ఈ భయం పుట్టడం సహజమే. భయపడాల్సింది ఆ వాపుకి.

పన్నులో పురుగు ఉంటుందా? సంతలో తీస్తారు కదా.

ఉండదు. పన్నుని తినేది కంటికి కనిపించని క్రిములు తయారుచేసే ఆమ్లం. మనం తిన్న పంచదార, పిండి పదార్థం వాటికి మేత. గింజల పొగ పట్టించి "ఇదిగో పురుగు" అని చూపించేవి ఆ గింజల తునకలే. ఆ పొగకి నోరు కాలడం తప్ప ఏమీ జరగదు.

అడ్డపొగ మానలేకపోతున్న మా అమ్మకి ఏం చెప్పమంటారు?

చుట్టని వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని తాగే ఈ అలవాటు మన ఉత్తరాంధ్ర తీరం పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, తరాలుగా ఉంది. గాలికి ఆరిపోకుండా, బూడిద రాలకుండా పని చేసుకుంటూ తాగొచ్చని అలవాటైంది. ఆ నిప్పు వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. ఆంధ్రలో అడ్డపొగ తాగే పల్లెల్లో పది వేల మందికి పైగా జనాన్ని పరీక్షించిన ఒక పెద్ద అధ్యయనం 1971లో అచ్చయింది. అంగిలిలో వచ్చే మచ్చలకీ ఈ అలవాటుకీ ఉన్న సంబంధం గురించి ప్రపంచమంతా చదువుకునేది మన పల్లెల నుంచే. మామూలుగా అంగిలి క్యాన్సర్ అరుదు. అడ్డపొగ ఉన్న చోట మాత్రం అరుదు కాదు.

అమ్మని తిట్టకండి. యాభై ఏళ్ల అలవాటు తిడితే పోదు, మీకు కనిపించకుండా తాగుతుంది, అంతే. ముందు ఒకసారి మా దగ్గరికో, దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికో తీసుకొచ్చి అంగిలి చూపించండి. అంగిలి తెల్లగా మందంగా అవడం, మధ్యలో ఎర్ర చుక్కలు, రెండు వారాలు దాటినా మానని పుండు, ఇవి ఉంటే ఆలస్యం చేయకూడదు, చిన్న ముక్క తీసి పరీక్ష చేయిస్తాం. అవసరమైతే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి రాసి పంపిస్తాం. మార్పులు తొలి దశలో ఉన్నవాళ్లు పొగ మానేస్తే అంగిలి చాలావరకు మామూలుగా అయిన సందర్భాలూ ఉన్నాయి. ఈ మాట అమ్మకి చెప్పండి, భయపెట్టడం కంటే ఇది బాగా పని చేస్తుంది.

ఖైనీ, గుట్కా వాడే కుర్రాళ్లకీ ఇదే చెప్తున్నాం. నోరు మునుపటంత తెరుచుకోకపోతే, కారం తగిలితే మంటపెడుతుంటే, అదే రోజు మానేసి చూపించుకోండి.

పాలపళ్లు ఎలాగూ ఊడిపోతాయి కదా, వాటికి వైద్యం ఎందుకు?

పాలపళ్లు ఇరవై. ముందు పళ్లు ఆరేడేళ్లకి ఊడినా, దవడ పాలపళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాలి. వాటిని ముందే పీకేస్తే పక్క పళ్లు ఆ సందులోకి జరిగిపోయి, కింద నుంచి రావాల్సిన పన్నుకి దారి ఉండదు. వంకర పళ్లకి ఇదొక పెద్ద కారణం. పైగా పంటినొప్పి ఉన్న పిల్ల సరిగా తినదు, నిద్రపోదు, బడిలో కూర్చోలేదు.

ఇంకొకటి ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి. ఆరేళ్లకి పాలపళ్ల వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త దవడ పన్ను ఒకటి వస్తుంది. అది పాలపన్ను కాదు, జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాన్ని పాలపన్ను అనుకుని వదిలేసి, తొమ్మిదో పదో ఏట పుచ్చిపోయాక తీసుకొస్తారు. అది వచ్చిన కొత్తలోనే చూపిస్తే దాని గాళ్లలో సీలెంట్ అనే పూత వేస్తాం, నొప్పి లేదు, సూది లేదు.

పంచదార కలిపిన పాల సీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చడం మానేయండి. పై ముందు పళ్లు వరసగా గోధుమరంగులోకి మారి విరిగిపోయేది అందువల్లే. బెల్లం మంచిది కదా అంటారు, పన్ను వరకు బెల్లమూ పంచదారా ఒకటే. సంక్రాంతికి అరిసెలు, పాకుండలు పెట్టొద్దని మేం అనం, భోజనంతో పాటు పెట్టండి, డబ్బా చేతికిచ్చి రోజంతా తిననివ్వకండి. తిన్న ప్రతిసారీ అరగంట దాకా నోట్లో ఆమ్లం ఉంటుంది, కాబట్టి ఎంత తిన్నారనే దానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. చోడి అంబలి, జీడిపప్పు, పళ్లు హాయిగా పెట్టండి.

మూడేళ్ల లోపు పిల్లలకి పేస్టు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠానీ గింజంత. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా మీరే దగ్గరుండి తోమించాలి.

రూట్ కెనాల్ బాగా నొప్పి అంటారు. పీకేస్తే పోలేదా?

సూది వేసి మొద్దుబార్చాక చేస్తాం, నొప్పి ఉండదు. మీరు విన్న నొప్పి చాలావరకు వైద్యానికి ముందు చీము వల్ల పడ్డదే. లోపల చెడిన నరాన్ని తీసి, సన్నటి దారుల్ని శుభ్రం చేసి, నింపి మూసేస్తాం. దవడ పన్నుకి పైన క్యాపు తప్పనిసరి, లేకపోతే నమిలేటప్పుడు పన్ను చీలిపోతుంది. పీకడం ఆ రోజుకి చౌక, నిజమే. తర్వాత పక్క పళ్లు వాలిపోతాయి, ఎదురు పన్ను జారుతుంది, ఆ సందులో పన్ను కట్టించాలంటే రూట్ కెనాల్ కంటే ఎక్కువే అవుతుంది. నిలబెట్టగలిగిన పన్నుని పీకమంటే మేం ముందు వద్దనే చెప్తాం.

వచ్చే వారం వేరావల్ వేటకి వెళ్లిపోతున్నాను. ఈలోగా అవుతుందా?

వెళ్లే తేదీ మొదటి రోజే చెప్పండి. మన తీరం నుంచి గుజరాత్ వెళ్లి నెలల తరబడి పడవ మీద ఉండేవాళ్లు, హైదరాబాద్, చెన్నై పనులకి వెళ్లేవాళ్లు సగం వైద్యంలో వెళ్లిపోవడం మాకు పెద్ద బెంగ. తాత్కాలికంగా పెట్టిన సిమెంటు కొన్ని వారాలకే గానీ నెలలకి ఆగదు, నడి సముద్రంలో వాపొస్తే చూసే దిక్కుండదు. చీము లేకపోతే చాలా పళ్లకి ఒకటి రెండు సిటింగుల్లో పూర్తి చేయొచ్చు. పూర్తి కాదనిపిస్తే ఆ మాట ముందే చెప్పి, ఏం చేయడం మంచిదో ఇద్దరం కలిసి నిర్ణయించుకుందాం.

గర్భిణులు పళ్ల వైద్యం చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అనువైన సమయం. నొప్పి, చీము ఉంటే ఏ నెలలోనైనా రావాలి. వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకండి, నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగండి.

అమ్మాయి పెళ్లి మూడు నెలల్లో ఉంది. క్లిప్పులతో పళ్లు సరిచేయగలరా?

మూడు నెలల్లో కాదు. ఎముకలో పన్ను జరగాలి, ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. ఈలోగా క్లీనింగ్, విరిగిన కొసలు సరిచేయడం లాంటివి చేయగలం. నవ్వు బాగుండడానికి బాగున్న పళ్లని అరగదీసి క్యాపులు వేయమని అడిగితే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోమంటాం. కొంచెం పసుపు ఛాయ ఉన్న పన్ను జబ్బు పన్ను కాదు.

ఆటలో పన్ను ఊడి చేతికి వచ్చింది. ఏం చేయాలి?

శాశ్వత పన్ను అయితే వేరు పట్టుకోకుండా పైభాగం పట్టుకోండి. మట్టి ఉంటే కొద్దిగా కడగండి, రుద్దొద్దు. వీలైతే అదే గుంటలో పెట్టి గుడ్డ కొరికించండి, లేకపోతే పాలలో వేసి తీసుకెళ్లండి. అరగంటలో, మహా అయితే గంటలో డెంటిస్ట్ దగ్గర ఉండాలి. ఇచ్ఛాపురం నుంచో మందస నుంచో మా దాకా రావద్దు, మీకు దగ్గర్లో ఎవరుంటే వాళ్ల దగ్గరికి పరుగెత్తండి. పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదు.

పన్ను తీశాక ఇంట్లో ఏం చేయాలి?

దూది అరగంట నుంచి ముప్పావుగంట గట్టిగా కొరికి పట్టుకోండి. ఆ రోజంతా ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు, వేడివి వద్దు. చల్లారిన గంజన్నం, పెరుగన్నం తినండి. మర్నాటి నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్లతో నెమ్మదిగా పుక్కిలించాలి. చుట్ట, బీడీ, సిగరెట్ తాగితే గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోయి, మూడో రోజుకి చెవి దాకా లాగే నొప్పి వస్తుంది.

డబ్బు సంగతి ముందే తెలుస్తుందా? వచ్చేటప్పుడు ఏం తేవాలి?

పరీక్ష చేశాక ఎంత అవుతుందో, ఇంకే దారులున్నాయో చెప్తాం. విన్నాకే ఒప్పుకోండి. భరించలేమనుకుంటే మొహమాటపడకుండా చెప్పండి, శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో, విశాఖ డెంటల్ కాలేజీల్లో తక్కువలో అయ్యేవి ఏమిటో మేమే రాసిస్తాం. వాడుతున్న మాత్రల అట్టలు, కిడ్నీ, సుగర్, గుండె రిపోర్టులు తీసుకురండి.

ఎప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు?

దవడ కింద, మెడలో వాపు దిగుతుంటే, నోరు తెరవలేకపోతే, ఉమ్మి కూడా మింగలేకపోతే, ఊపిరి ఆడనట్టుంటే, వాపుతో పాటు చలిజ్వరం ఉంటే ఆగొద్దు. అది పంటి చీము మెడలోకి దిగిన గుర్తు, ప్రాణానికే ముప్పు. అర్ధరాత్రి మా క్లినిక్ తలుపు దగ్గర నిలబడి టైమ్ పోగొట్టుకోకండి, 108కి ఫోన్ చేసి నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.